పక్కింటివాళ్లకు కనిపించని ప్రచారం

కొలంబియా పశ్చిమాన, అట్రాటో నది ఒడ్డున బొహయా అని ఒక చిన్న ఊరుంది. 2002 మే 2న ఫార్క్ గెరిల్లాలకూ పారామిలటరీ ముఠాకూ మధ్య కాల్పులు జరుగుతుంటే ఊరి జనం చర్చిలో తలదాచుకున్నారు. గెరిల్లాలు ప్రయోగించిన గ్యాస్ సిలిండర్ బాంబు వచ్చి ఆ చర్చి కప్పు మీదే పడింది. డెబ్బై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు. పద్నాలుగేళ్ల తర్వాత అదే గెరిల్లాలతో ప్రభుత్వం శాంతి ఒప్పందం కుదుర్చుకుని, దీనికి మీరు ఒప్పుకుంటారా అని దేశ ప్రజలను అడిగింది. బొహయాలో ఓటేసినవాళ్లలో దాదాపు 96 శాతం మంది ఒప్పుకుంటామన్నారు.

దేశం ఒప్పుకోలేదు. 2016 అక్టోబర్ 2న జరిగిన ఆ రెఫరెండంలో ‘వద్దు’కు 50.2 శాతం ఓట్లు పడ్డాయి. తేడా 54 వేల ఓట్లు కూడా లేదు. ఓటు హక్కున్నవాళ్లలో 38 శాతం మందైనా పోలింగ్ కేంద్రాల దాకా రాలేదు. అర్ధ శతాబ్దం పాటు సాగి, రెండు లక్షలకు పైగా ప్రాణాలు తీసిన యుద్ధం గురించి అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అది.

ఫలితం వచ్చిన కొద్ది రోజులకే ‘వద్దు’ ప్రచారాన్ని నడిపిన హ్వాన్ కార్లోస్ వెలెస్ ‘ల రెపుబ్లికా’ పత్రికకు ఇంటర్వ్యూ ఇచ్చాడు. గెలిచిన ఉత్సాహంలో దాపరికం లేకుండా మాట్లాడాడు. ఒప్పందంలో ఏముందో వివరించడం మానేసి, జనంలో ఆగ్రహం రగిలించడం మీదే దృష్టి పెట్టామన్నాడు. ఓటరు కోపంతో ఊగిపోతూ పోలింగ్ కేంద్రానికి రావాలన్నదే తమ లెక్క అన్నాడు. ఉన్నవాళ్లు వినే రేడియో కేంద్రాల్లో నేరస్తులకు శిక్ష పడదన్న మాట, లేనివాళ్లు వినే కేంద్రాల్లో సబ్సిడీల మాట, సముద్ర తీర ప్రాంతాల్లో మన దేశం వెనెజువెలా అయిపోతుందన్న మాట ప్రచారం చేశారు. దేశాధ్యక్షుడు, గెరిల్లా నాయకుడు కలిసి ఉన్న చిత్రానికి, దేశం ఇంత కష్టంలో ఉంటే గెరిల్లాలకు డబ్బులెందుకివ్వాలన్న అర్థం వచ్చే వాక్యం జోడించి ఫేస్‌బుక్‌లో పెడితే దాన్ని లక్షా 30 వేల సార్లు పంచుకున్నారనీ, 60 లక్షల మందికి చేరిందనీ చెప్పాడు. ఇంకోపక్క వాట్సాప్‌లో, పింఛన్లు కోసి గెరిల్లాలకు జీతాలిస్తారన్న పుకార్లు కుటుంబం నుంచి కుటుంబానికి పాకాయి.

ఆ ఇంటర్వ్యూ పెద్ద దుమారం రేపింది. వెలెస్ పార్టీకి దూరం కావాల్సి వచ్చింది. ఓటర్లను మోసగించారంటూ అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం డిసెంబర్‌లో ఒక ఉత్తర్వులో వ్యాఖ్యానించింది కూడా. అంతమాత్రాన ‘వద్దు’ అన్నవాళ్లంతా మోసపోయినవాళ్లే అనడం అన్యాయం. హత్యలు చేసినవాళ్లు జైలుకు వెళ్లకుండా పార్లమెంటుకు వెళ్తారా అన్న బాధ లక్షల మందికి నిజంగానే ఉంది. పోలింగ్ రోజున తుపాను వానలకు కరీబియన్ తీరంలో చాలామంది ఇళ్లు కదల్లేకపోయారు. కానీ 54 వేల ఓట్ల తేడాతో తేలిన నిర్ణయంలో 60 లక్షల మందికి చేరిన ఒక బొమ్మను పట్టించుకోకుండా ఉండలేం.

తెలుగునాట ఉప ఎన్నిక వచ్చినప్పుడల్లా ‘దీన్నే రెఫరెండంగా తీసుకుందాం’ అని నాయకులు సవాళ్లు విసురుకోవడం మామూలే. అసలైన రెఫరెండం తీరు వేరు. అక్కడ అభ్యర్థి ఉండడు, పార్టీ గుర్తు ఉండదు. ఒకే ప్రశ్న, రెండే జవాబులు. సాధారణ ఎన్నికలో ఓటరుకు ఆసరాగా కొన్ని విషయాలుంటాయి: ఈ నాయకుడు గతంలో ఏం చేశాడు, ఆ పార్టీ మాట మీద నిలబడుతుందా, తప్పయితే ఐదేళ్లకు దించేయొచ్చు కదా. రెఫరెండంలో ఇవేవీ ఉండవు. ప్రచార సంఘాలు కొన్ని నెలల కోసం పుట్టి, ఓట్లు లెక్కించగానే మాయమవుతాయి. చెప్పినదానికి తర్వాత జవాబుదారీ ఎవరూ ఉండరు. ప్రశ్న కూడా తరచుగా అలవాటు లేనిదే అయి ఉంటుంది. 297 పేజీల శాంతి ఒప్పందాన్ని ఎంతమంది చదవగలరు? అందుకే ఆఖరి పది రోజుల్లో ఫోన్‌లో కనబడిన మాటకు మామూలు ఎన్నికల్లో లేని బరువు వస్తుంది.

మన రాజ్యాంగంలో రెఫరెండం ప్రస్తావన లేదు. అయినా దేశానికి ఆ అనుభవం బొత్తిగా లేకపోలేదు. మహారాష్ట్రలో కలవాలా, కేంద్రపాలిత ప్రాంతంగా ఉండాలా అని 1967 జనవరి 16న గోవా ప్రజలను అడిగారు. విలీనానికి పువ్వు గుర్తు, విడిగా ఉండడానికి రెండాకుల గుర్తు. పత్రికలు రెండు పక్షాలుగా చీలి వాదించుకున్నాయి. పాటలు కట్టి ఊరూరా తిరిగారు. ఆవేశాలకూ, నిందలకూ, అతిశయోక్తులకూ కొదవ లేదు. చివరికి రెండాకులు 34 వేల ఓట్ల ఆధిక్యంతో గెలిచాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. పువ్వు పక్షం సంతలో ఏం మాట్లాడిందో రెండాకుల పక్షం మర్నాటికి వినేది, జవాబిచ్చేది. వాదన అంతా రచ్చబండ మీద నలుగురి ముందు నడిచింది.

యూరోపియన్ యూనియన్‌ను వీడాలా అని బ్రిటన్ ఓటేసిన బ్రెగ్జిట్ రెఫరెండం నాటికి ఆ పద్ధతి మారిపోయింది.

యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్న ‘వోట్ లీవ్’ సంఘం ఒక ఎర్ర బస్సు మీద, యూనియన్‌కు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని రాయించి దేశమంతా తిప్పింది. ఆ లెక్క తప్పుదోవ పట్టించేదని బ్రిటన్ గణాంక సంస్థ ప్రచారం నడుస్తుండగానే బహిరంగంగా హెచ్చరించింది. టీవీ చర్చల్లో, పత్రికల్లో దాని మీద వాదోపవాదాలు జరిగాయి. బస్సు మీది అబద్ధం ఎంత పెద్దదైనా, అది అందరికీ కనబడే అబద్ధం. ఎదుటి పక్షానికి జవాబు చెప్పే వీలు దొరికింది.

ఫేస్‌బుక్ ప్రకటనల విషయంలో ఆ వీలు లేదు. వోట్ లీవ్ వ్యూహకర్త డొమినిక్ కమ్మింగ్స్ తర్వాత తానే రాసుకున్నదాని ప్రకారం, ఆ సంఘం దాదాపు వంద కోట్ల డిజిటల్ ప్రకటనలను ఓటర్ల తెరల మీదికి పంపింది. వాటిలో ఎక్కువ భాగం పోస్టల్ ఓట్లు పడే రోజుల్లోనూ, చివరి పది రోజుల్లోనూ వెళ్లాయి. సంఘానికి చట్టం అనుమతించిన ఖర్చు 70 లక్షల పౌండ్లు. అందులో 27 లక్షలు కెనడాలోని విక్టోరియా నగరంలో ఉన్న అగ్రిగేట్‌ఐక్యూ అనే చిన్న సంస్థకు వెళ్లాయి.

ఈ ప్రకటనలు పనిచేసే తీరు తెలుసుకోవాలి. ముందుగా ఓటర్ల వివరాలు కావాలి. 2016 యూరో ఫుట్‌బాల్ పోటీల్లో మొత్తం 51 మ్యాచ్‌ల ఫలితాలు సరిగ్గా చెప్పినవాళ్లకు 5 కోట్ల పౌండ్ల బహుమతి అని వోట్ లీవ్ ఒక పోటీ పెట్టింది. గెలవడం దాదాపు అసాధ్యం. పాల్గొనాలంటే మాత్రం పేరు, చిరునామా, ఫోన్ నంబరు ఇవ్వాలి. రాజకీయాల జోలికి పోని కుర్రాళ్ల వివరాలు అలా చేతికొచ్చాయి. ఆ జాబితాను ఫేస్‌బుక్‌కు ఇస్తే, ఆసక్తుల్లోనూ అలవాట్లలోనూ వీళ్లను పోలినవాళ్లను లక్షల్లో వెతికిపెడుతుంది. తర్వాత ఒకే విషయాన్ని పది రకాలుగా రాసి, పది రకాల బొమ్మలు పెట్టి వదులుతారు. ఏది ఎక్కువమంది నొక్కితే దాని మీద డబ్బు పోస్తారు, మిగతావి ఆపేస్తారు. ఇదంతా రోజుల్లో కాదు, గంటల్లో జరిగిపోతుంది.

జంతుప్రేమికుల ఫోన్లలో, మన డబ్బుతో స్పెయిన్ ఎద్దుల పోరాటాలు సాగుతున్నాయన్న ప్రకటన కనబడింది. ధ్రువపు ఎలుగుబంట్లను కాపాడే విషయంలో యూనియన్ మన నోరు నొక్కుతోందని ఇంకొకటి చెప్పింది. మీ టీ కప్పు మీద కూడా వాళ్ల పెత్తనమేనని మరొకటి. 7 కోట్ల 60 లక్షల జనాభా ఉన్న టర్కీ యూనియన్‌లో చేరబోతోందని వలసల భయం ఉన్నవాళ్లకు చెప్పారు. టర్కీ ఇప్పటికీ చేరలేదు, అప్పుడు చేరే దగ్గర్లో కూడా లేదు. ఎలుగుబంటి ప్రకటన చూసిన మనిషికి, తన పక్కింటాయన టర్కీ ప్రకటన చూస్తున్నాడని తెలియదు. ఎదుటి పక్షానికి ఈ రెండూ తెలియవు. పత్రికలకు తెలియదు, ఎన్నికల సంఘానికీ తెలియదు. పార్లమెంటు కమిటీ పట్టుబట్టాక 2018 జులైలో ఫేస్‌బుక్ ఆ ప్రకటనలను బయటపెట్టింది. అప్పటికి ఓటింగ్ అయిపోయి రెండేళ్లు దాటింది. తనకు ఓటు వేయించిన వాదన ఏమిటో ఒక దేశం రెండేళ్ల తర్వాత చదువుకోవాల్సి వచ్చింది. అబద్ధం ఎన్నికలకు కొత్త కాదు. కొత్తగా వచ్చిన ప్రమాదం ఈ చాటు వ్యవహారమే.

అదే నెలలో బ్రిటన్ ఎన్నికల సంఘం వోట్ లీవ్‌కు 61 వేల పౌండ్ల జరిమానా విధించింది. తన పరిమితి దాటిపోకుండా 6 లక్షల 75 వేల పౌండ్లను ‘బీలీవ్’ అనే కుర్రాళ్ల సంఘం ఖాతాలో చూపించి, అదే అగ్రిగేట్‌ఐక్యూకు చెల్లించిందని తేల్చింది. ఒక దేశం నలభై ఏళ్ల బంధాన్ని తెంచుకున్న ఓటింగ్‌లో నిబంధన మీరినందుకు పడిన శిక్ష అంతే.

బ్రెగ్జిట్ ఓటర్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. బ్రిటన్ పౌరులకే కాదు, అక్కడ నివసిస్తున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు కూడా ఆ రెఫరెండంలో ఓటు హక్కు ఉంది. అంటే భారత పాస్‌పోర్టుతో లండన్‌లో పనిచేస్తున్న గుంటూరు ఇంజినీరు ఓటేయొచ్చు. ఇరవై ఏళ్లుగా అదే వీధిలో ఉంటున్న ఫ్రెంచి ఉపాధ్యాయుడు వేయడానికి లేదు. దక్షిణాసియా ఓటర్ల కోసం ప్రత్యేకంగా ‘మన కర్రీ హోటళ్లను కాపాడుకుందాం’ అని ఒక ప్రచారం కూడా నడిచింది. యూరప్ వలసలు ఆగితే మన దేశాల నుంచి వంటవాళ్లు సులువుగా రావచ్చన్నది ఆ ప్రచారం సారాంశం.

కేంబ్రిడ్జ్ అనలిటికా అనే డేటా విశ్లేషణ సంస్థ పేరు వినగానే చాలామంది దాన్ని బ్రెగ్జిట్‌తో ముడిపెడతారు. 8 కోట్ల 70 లక్షల దాకా ఫేస్‌బుక్ ఖాతాల సమాచారం ఆ సంస్థ చేతికి అక్రమంగా వెళ్లి ఉండొచ్చన్నది నిజం. ఆ వ్యవహారంలో బ్రిటన్ సమాచార కమిషనర్ ఫేస్‌బుక్‌కు 5 లక్షల పౌండ్ల జరిమానా వేసిన మాటా నిజం. కానీ అదే కమిషనర్ సుదీర్ఘ దర్యాప్తు తర్వాత 2020 అక్టోబర్‌లో, తొలి దశ సంప్రదింపులకు మించి ఆ సంస్థ బ్రెగ్జిట్ ప్రచారంలో పాల్గొన్నట్టు ఆధారాలు లేవని తేల్చారు. ఈ సంగతి కుంభకోణం వార్తంత వేగంగా జనంలోకి వెళ్లలేదు.

ఇంతకీ ఫేస్‌బుకే బ్రెగ్జిట్‌ను గెలిపించిందా? అలా చెప్పడం తొందరపాటే. 51.89 శాతం ఒకవైపు, 48.11 శాతం ఇంకోవైపు. తేడా 12 లక్షల 69 వేల ఓట్లు. బయటికి వద్దామన్నవాళ్లలో పెద్ద వయసువాళ్లే ఎక్కువ, అప్పట్లో ఫేస్‌బుక్‌లో ఎక్కువ సేపు గడిపింది కుర్రకారు. లక్షల ప్రతులు అమ్ముడయ్యే పత్రికలు కొన్ని ఏళ్ల తరబడి యూనియన్‌కు వ్యతిరేకంగా రాస్తూ వచ్చాయి. మూతబడిన గనుల ఊళ్లలో పేరుకుపోయిన నిరాశ సంగతి సరేసరి. ఒక ప్రకటన ఒక మనసును మార్చిందని రుజువు చేయడం కష్టం. అయితే ఇల్లు కదలని మనిషిని పోలింగ్ కేంద్రం దాకా నడిపించడానికి మనసు మార్చనక్కర్లేదు, ఉన్న కోపాన్ని కదిలిస్తే చాలు. కొలంబియాలో వెలెస్ చెప్పింది సరిగ్గా అదే.

ఐర్లాండ్ ఈ కథలన్నీ చూశాక 2018 మే 25న తన రెఫరెండానికి సిద్ధమైంది. గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన ఎనిమిదో రాజ్యాంగ సవరణను తొలగించాలా అన్నది ప్రశ్న. 1983 నాటి ఆ సవరణ నీడలోనే 2012 అక్టోబర్ 28న గాల్వే నగరంలో ఒక భారతీయ దంతవైద్యురాలు చనిపోయింది. బెళగావి నుంచి వెళ్లిన సవితా హలప్పనవర్ వయసు అప్పటికి 31 ఏళ్లు. 17 వారాల గర్భం నిలవదని తెలిసిపోయింది, గర్భస్రావం చేయమని ఆమె అడిగింది. పిండం గుండె కొట్టుకుంటున్నంత కాలం వీల్లేదన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ప్రాణం పోయింది. రెఫరెండం నాటికి ఆమె ముఖం డబ్లిన్ గోడ మీద పెద్ద చిత్రంగా వెలిసింది. పోలింగ్ అయ్యాక దాని చుట్టూ వందల కొద్దీ చీటీలు అంటించి వెళ్లారు జనం.

ఐర్లాండ్‌లో టీవీ, రేడియోల్లో రాజకీయ ప్రకటనలు నిషేధం. ప్రచారానికి విదేశీ విరాళాలు తీసుకోకూడదు. ఇంటర్నెట్ ప్రకటనల గురించి మాత్రం అప్పటి చట్టంలో ఒక్క ముక్క లేదు. ఎవరైనా, ఏ దేశం నుంచైనా, పేరు చెప్పకుండా డబ్బు కట్టి ఐరిష్ ఓటరు ఫోన్‌లోకి వెళ్లగలిగేవాళ్లు. ఈ సందును గమనించిన కొందరు పౌరులు ‘ట్రాన్స్‌పరెంట్ రెఫరెండం ఇనీషియేటివ్’ పేరుతో ఒక పని మొదలుపెట్టారు. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల కంప్యూటర్ బ్రౌజర్లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెడితే, వాళ్లకు కనబడిన ఫేస్‌బుక్ ప్రకటనలు ఒకచోటికి చేరతాయి. అలా పోగైన వాటిని అందరూ చూసేలా పెట్టారు. బ్రిటన్‌లో రెండేళ్లు పట్టిన పనిని వీళ్లు ప్రచారం జరుగుతుండగానే, ఓపికతో, పెద్దగా డబ్బు లేకుండా చేశారు. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా మెచ్చుకోవాల్సిన పని ఇదే అనిపిస్తుంది.

మే 8న ఫేస్‌బుక్, ఈ రెఫరెండం మీద విదేశాల నుంచి వచ్చే ప్రకటనలను నిలిపేస్తున్నామంది. మర్నాడు గూగుల్ ఇంకా ముందుకెళ్లి, దేశీయమైనా విదేశీయమైనా రెఫరెండం ప్రకటనలన్నిటినీ ఆపేసింది. సవరణ ఉండాలన్న పక్షం మండిపడింది. ఆఖరి రెండు వారాల కోసం తాము వేసుకున్న ప్రణాళికను ఒక విదేశీ కంపెనీ చెడగొట్టిందన్నది వాళ్ల ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఒక దేశ రాజ్యాంగం మీద జరిగే ప్రచారానికి హద్దులేమిటో కాలిఫోర్నియాలోని కంపెనీలు పోలింగ్‌కు పదహారు రోజుల ముందు నిర్ణయించడం ఏ పక్షానికి మేలు చేసినా మంచిది కాదు. ఆ పని చేయాల్సింది ఐర్లాండ్ పార్లమెంటు, అదీ ఎప్పుడో.

ఫలితం: 66.4 శాతం తొలగించమన్నారు. ఈ గెలుపులో సోషల్ మీడియాకు ఇంకో రకమైన పాత్ర ఉంది. ‘ఇన్ హర్ షూస్’ అనే ఫేస్‌బుక్ పేజీలో స్త్రీలు పేరు చెప్పకుండా తమ అనుభవాలు రాశారు. గర్భస్రావం కోసం ఒంటరిగా ఇంగ్లండ్ విమానమెక్కిన రోజుల గురించి, ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయిన బాధ గురించి రాశారు. దశాబ్దాలుగా నోరు విప్పని విషయాలు ఊళ్లలోకి వచ్చాయి. ‘హోమ్ టు వోట్’ హ్యాష్‌ట్యాగ్ కింద, వలస వెళ్లిన యువతీ యువకులు ఓటేయడానికి విమానాలెక్కి వస్తున్న ఫొటోలు పెట్టారు. టికెట్ డబ్బులు లేనివాళ్లకు ముక్కూ ముఖం తెలియనివాళ్లు సాయం చేశారు. పోలింగ్ రోజున ఐర్లాండ్ ప్రభుత్వ ప్రసార సంస్థ చేయించిన సర్వేలో, తమ మీద ప్రభావం చూపినవేమిటని అడిగితే, మీడియాలో వచ్చిన వ్యక్తుల అనుభవాలని 43 శాతం మంది చెప్పారు. ఎటు ఓటెయ్యాలో ముందునుంచే తెలుసని ప్రతి నలుగురిలో ముగ్గురన్నారు.

వాళ్లకు ముందే తెలియడానికి ఇంకో కారణం కూడా ఉండి ఉండాలి. ఓటింగ్‌కు ఏడాదికి పైగా ముందే, లాటరీ లాంటి పద్ధతిలో ఎంపిక చేసిన 99 మంది సామాన్య పౌరులతో ఒక సభ ఏర్పాటు చేశారు. ఒక న్యాయమూర్తి అధ్యక్షతన వాళ్లు వారాంతాల్లో కూర్చుని వైద్యుల మాట, న్యాయవాదుల మాట, రెండు పక్షాల మాట విన్నారు. ఆ సభ బహిరంగ సమావేశాలు ప్రసారమయ్యాయి. ప్రజలకు ప్రశ్న పాతబడి ఉంటే, ఆఖరి నిమిషంలో ఫోన్‌లోకి వచ్చి పడే బొమ్మకు అంత పట్టు దొరకదు. కొలంబియాలో ఒప్పందం మీద సంతకాలు జరిగిన ఆరు రోజులకే ఓటింగ్ పెట్టారు.

2023 అక్టోబర్ 14న ఆస్ట్రేలియాలో ఆదివాసులకు రాజ్యాంగబద్ధమైన సలహా మండలి ఇవ్వాలా అన్న రెఫరెండం జరిగింది. అక్కడ ఓటేయడం తప్పనిసరి కాబట్టి, పౌరసత్వం తీసుకున్న వేలమంది తెలుగువాళ్లూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పారు. బ్యాలెట్ మీద టిక్ పెడితే ‘అవును’గా లెక్కేస్తారు, ఇంటూ పెడితే ‘కాదు’గా లెక్కేయరు, ఇదంతా మోసమేనని పుకారు పాకింది. నిజానికది దశాబ్దాలుగా ఉన్న నిబంధన. ఓటరు రాయాల్సింది టిక్కూ ఇంటూ కాదు, అవును లేదా కాదు అన్న మాట. ఎన్నికల సంఘం ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. అబద్ధాల జాబితా ఒకటి తయారు చేసి వెబ్‌సైట్లో పెట్టింది, సోషల్ మీడియాలో అడిగినవాళ్లకు విడివిడిగా జవాబులిచ్చింది. ఆ ప్రతిపాదనను 60 శాతం మంది తిరస్కరించారు. ఓడిపోయిన పక్షం కూడా లెక్కింపును శంకించలేదు.

మాల్డోవాలో పరిస్థితి ఇంకా ముదిరింది. యూరోపియన్ యూనియన్‌లో చేరే లక్ష్యాన్ని రాజ్యాంగంలో రాసుకోవాలా అని 2024 అక్టోబర్ 20న ఆ చిన్న దేశం ఓటేసింది. బ్యాంకు మోసం కేసులో 15 ఏళ్ల శిక్ష పడి, రష్యాలో తలదాచుకున్న వ్యాపారి ఇలాన్ షోర్, ‘వద్దు’ పక్షంలో చేరి తన టెలిగ్రామ్ ఖాతాలో నమోదైనవాళ్లకు డబ్బిస్తానని బహిరంగంగానే ప్రకటించాడు. ఒక్క సెప్టెంబర్ నెలలోనే లక్షా 30 వేల మందికి, రష్యా బ్యాంకు ద్వారా కోటిన్నర డాలర్లు వెళ్లాయని అక్కడి పోలీసులు చెప్పారు. ఓటుకు నోటు పంచాలంటే మన దగ్గర రాత్రిపూట గల్లీ గల్లీ తిరిగే మనుషులు కావాలి. అక్కడ ఫోన్‌లో ఒక యాప్ సరిపోయింది. చివరికి ‘అవును’ పక్షం 50.35 శాతంతో, పదివేల పైచిలుకు ఓట్ల తేడాతో బయటపడింది. దేశంలో పడిన ఓట్లలో వెనకబడి ఉంటే, విదేశాల్లో ఉన్న మాల్డోవా పౌరుల ఓట్లు గట్టెక్కించాయి.

యూరప్ ఇప్పుడు చట్టంతో కదిలింది. 2025 అక్టోబర్ 10 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, రాజకీయ ప్రకటన మీద అది రాజకీయ ప్రకటన అనీ, డబ్బు ఎవరు కట్టారనీ, ఏ ఓటింగ్ కోసమనీ, ఎవరినైనా లక్ష్యంగా చేసుకున్నారా అనీ చెప్పాలి. పోలింగ్‌కు ముందు మూడు నెలలు యూనియన్ బయటివాళ్ల డబ్బు తీసుకోకూడదు. బ్రిటన్ కూడా డిజిటల్ ప్రకటన మీద ఇచ్చినవాళ్ల పేరు ఉండాలని చట్టం చేసింది. యూరప్ నిబంధనలు పాటించడం తమకు సాధ్యం కాదంటూ ఫేస్‌బుక్ యజమాని మెటా, గూగుల్ రెండూ యూనియన్ దేశాల్లో రాజకీయ ప్రకటనలు తీసుకోవడమే మానేశాయి. దీంతో పోగుచేసి చూపించగలిగే ప్రకటనలు తగ్గాయి. డబ్బు పుచ్చుకుని సొంత అభిప్రాయంలా వీడియో చేసే ఇన్‌ఫ్లుయెన్సర్లను పట్టుకోవడం అంతకన్నా కష్టం. బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకరి నుంచి ఒకరికి వెళ్లే సందేశం ప్రకటన కిందికే రాదు, దాన్ని మొదట ఎవరు రాశారో గ్రూపులో ఉన్నవాళ్లకూ తెలియదు.